నడిమి చుక్క

ఆమె నీళ్లు మింగిన చప్పుడు హాల్లో కూర్చున్న వాళ్లెవరికీ వినబడలేదు, ఎల్లేష్‌కు మాత్రం రెండు చెవుల నిండా వినబడింది. గుటక దిగిన చప్పుడు, సీసా మూత బిగించిన కిర్రు, చీర కొంగుకు కాలర్ మైకు రాసుకున్న గరగర, ఆ వెనక ఒక ఊపిరి. ఊపిరికి కూడా ముఖం ఉంటుందని ఈ పనిలో పడ్డాకే అతనికి తెలిసింది. ఎంతమంది లీడర్లు, ఎంతమంది పాస్టర్లు, ఎంతమంది పెండ్లికొడుకుల మేనమామలు తన మైకుల్లో ఊపిరి పీల్చి వదిలారో, ఒక్కరిదీ గుర్తు లేదు. ఈ ఊపిరి మాత్రం, ముక్కుతో పొడుగ్గా పీల్చి, వదిలేటప్పుడు చివర మెట్టు తప్పినట్టు తెగిపోయే ఈ ఊపిరి, గాజులరామారంలో రేకుల ఇంట్లో తెల్లవార్లూ వినబడేది. ఇటు పక్క తను, అటు పక్క చెల్లె వినోద, నడుమ అమ్మ. ఇప్పుడు నడుమ పెద్ద హాలు, వరుసల కొద్దీ కుర్చీలు, కాలేజీ పిల్లల తలలు, ఈ నల్లద్దం. అద్దానికి ఇవతల, సౌండ్ మిషన్ ముందు, ఒకప్పుడు గోదాముగా వాడిన ఇరుకు గదిలో, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎల్లేష్. అద్దానికి అవతల, అంత దూరాన, వేదిక మీద బొటనవేలంత వినోద. కంటికి అంత చిన్నగా ఉన్న మనిషి చెవికి ఇంత దగ్గరగా ఉండటం ఏం న్యాయం?

ఈ ప్రోగ్రాం పెట్టించిన శ్రీకాంత్ సారు ఫోన్ చేసినప్పుడు ఆమె పేరు చెప్పలేదు. "లెక్కల ప్రోగ్రాం ఎల్లేషన్నా, డిగ్రీ పిల్లల కోసం, తెలుగులనే చెప్తరు, మా హాల్ల సౌండు ఖరాబైంది, జల్దీ రా" అన్నాడు అంతే. పొద్దున శామీర్‌పేట చెరువు దాటి, కరీంనగర్ రోడ్డు దిగి, బండిని జనరేటర్ వెనక నిలిపి, బాక్సులు దించి, వైర్లు గుంజి, తల ఎత్తి చూస్తే బ్యానర్. 'క్వాంటం కోహోమాలజీ, గేజ్ సిద్ధాంతపు బీజగణితాలు: ఒక పరిచయం.' ఏడో తరగతితో ఆగిపోయిన కండ్లకు ఆ అక్షరాలు విడివిడిగా అందాయి, కలిపితే జారిపోయాయి. వాటి కింద, ఏ కష్టమూ లేకుండా చదవగలిగిన పేరు. తన ఇంటి పేరు మొదటి అక్షరం ముందు పెట్టుకుని, వినోద. ఆ క్షణాన వైర్లు చుట్టుకుని వెళ్లిపోవాల్సింది. ఎందుకు వెళ్లలేదు? పని ఒప్పుకున్నాక పోయే అలవాటు లేదని తనకు తాను చెప్పుకున్నాడు. ఆమె కారు దిగేటప్పటికి ఈ గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాడు. మైకు తగిలించే పని అక్కడి వలంటీరు పిల్లకు చూపించి పంపాడు. తగిలించాక ఆ పిల్ల, "మేడమ్, ఒకసారి ఏదన్న మాట్లాడుండ్రి, చెక్ జేస్తరట" అంటే వినోద ఒక్క క్షణం ఆగి, "పదిహేడొకట్ల పదిహేడు" అంది. పిల్ల నవ్వింది. ఎల్లేష్ చెయ్యి మీట మీదనే ఉండిపోయింది.

పదిహేడో ఎక్కం. వినాయకుని పందిట్లో మైకు కట్టగానే అందరూ హలో హలో అంటారు. తన వేలు పట్టుకుని వచ్చిన ఈ పిల్ల, గౌను వేసుకుని, మైకు అందక కుర్చీ ఎక్కి, పదిహేడో ఎక్కం చదివేది. బస్తీ బస్తీ అంతా పదిహేడో ఎక్కమే. మొదటి ఎక్కం ఎందుకు చదవవే అంటే, "గది అందరికీ వస్తది గదన్నా, తప్పు చదివితే నీకెట్ల తెలుస్తది సౌండు మంచిగ లేదని?" అనేది. ఏం లాజిక్కో. అలవాటుగా వచ్చిందా ఇవాళ ఆ మాట, లేక జనరేటర్ వెనక బండి మీద రాసిన పేరు కారులోంచి కనబడిందా? ఏమో. అలవాటే అయ్యుంటుంది. చదువుకున్న వాళ్లకు పాత అలవాట్లు ముచ్చట్లు. చదువుకోని వాళ్లకే అవి గాయాలు. అతని ఆలోచన ఎప్పుడూ అటే పోతుంది, దాన్ని ఆపడం అతనికి చేతకాదు.

"అందరు వినుండ్రి," అంటోంది వినోద చెవిలో. "మూడు గీతలున్నయనుకోండ్రి. మూడూ ఒక్క చోట కలిస్తే మంచిదే. కలవకుంటే? పాత లెక్కల దాన్ని సున్నా అంటం. కలిసే చోటు లేదు కాబట్టి సున్నా, ఇగ మాట్లాడేదేం లేదు." పిల్లల్లో సగం మంది తలలు వంచి ఫోన్లు చూస్తున్నారు. ముందు వరుసలో ఒకడు సమోసా కాగితం నలుపుతున్నాడు, ఆ చప్పుడు కూడా ఆమె మైకులో పడుతోంది. చచ్చినోళ్లారా, వినండిరా, ఈమె నోట తెలుగు రావడం ఎంత గొప్పో మీకేం తెలుసు. "క్వాంటం కోహోమాలజీ వచ్చి ఏమన్నదంటే, జెర ఆగుండ్రి అన్నది. ఆ మూడూ కలవకపోవచ్చు. కానీ ఒక వంపు దారి ఉండి, అది మొదటిదాన్ని ఒక చోట ముట్టి, రెండోదాన్ని ఇంకో చోట ముట్టి, మూడోదాన్ని సుత ముట్టిందనుకో. అసుంటి దారులెన్ని ఉన్నయో లెక్కపెట్టు. అవి సుత కలిసినట్టే. దారి ఎంత వంపులు తిరిగితే దాని బరువు అంత తక్కువ పెడుతం. తక్కువనే. కానీ సున్నా కాదు."

సున్నా కాదట. ఎల్లేష్‌కు నవ్వు వచ్చింది, కోపం వచ్చింది, రెండింటికీ నడుమ చిన్న దగ్గు వచ్చింది. ఏ దారి ముట్టింది తల్లీ ఇన్నేండ్లు? నువ్వు బొంబాయిలో ఉన్నావని ఒకరు, బెంగుళూరులో అని ఒకరు చెబితే విన్నాను. మేడ్చల్‌లో పెండ్లి పనికి పోయినప్పుడు పాత దోస్తు, కౌకూర్ జాషువా కనబడి, "మీ చెల్లె ఫొటో పేపర్ల పడ్డది గదనే" అంటే, "ఏ చెల్లె?" అన్నాను, అట్లా అన్నాక ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ పేపరు నువ్వు అచ్చేయించింది కాదు, నేను కొన్నది కాదు, జాషువా చదివింది. అది కూడా దారేనా? వంపులు తిరిగిన దారి. దాని బరువు ఎంత పెడతావు? రోడ్డు మీద పోయే వాడు నీ పేరు చెబితే నా గుండె ఒక్కసారి ఆగిందే, అది నీ లెక్కలోకి వస్తుందా? చదువుకున్నోళ్లు అన్నిటికీ లెక్క ఉందంటారు. తను బడి మానేసినప్పుడు ఏ లెక్కల సారూ ఇంటికొచ్చి ఎందుకు మానేసినవురా అని అడగలేదు. హాజరు పట్టీలో కొన్నాళ్లు పిలిచి ఉంటారు, పలకకపోతే తరువాతి పేరు పిలిచి ఉంటారు. ఒక మనిషి తరగతిలోంచి జారిపోతే ఇంత చప్పుడు కూడా కాదు. అందుకేనేమో చప్పుడు పని పట్టుకున్నాడు. నిశ్శబ్దం అంటే అతనికి పడదు. మైకు పట్టుకున్న వాడు మాట మరిచిపోయి నిలబడితే, అందరికంటే ముందు ఎల్లేష్‌కే చెమటలు పడతాయి. వెంటనే ఏదో ఒక సన్నాయి వేసేస్తాడు. ఫంక్షన్లలో అతనికి పేరు వచ్చింది అందుకే. ఎల్లేష్ సౌండంటే నడుమ ఖాళీ ఉండదు అంటారు.

ఆ ఒక్క రోజు ఖాళీ ఉంచి ఉంటే. ఉంచితే మాత్రం ఏమయ్యేది, ఇంకా ఎక్కువ మాటలు పడేది నువ్వే కదనే. అమ్మ పోయిన మూడో రోజు. పిట్టకు పెట్టారు. బొందల గడ్డ మీద, అమ్మను పూడ్చిన చోట, విస్తరిలో అన్నం, మాంసం కూర, అమ్మ ఇష్టంగా తినే జొన్నరొట్టె, చిన్న ముంతలో కల్లు. అందరూ వెనక్కి జరిగి నిలబడ్డారు, కాకి వచ్చి ముట్టాలి, ముట్టితే అమ్మ తృప్తిగా పోయినట్టు. కాకి రాలేదు. ఎండ ఎక్కింది, రాలేదు. చుట్టూ గోడలు, గోదాములు, ఫ్యాక్టరీ రేకులు, ఏ చెట్టు మీద ఉంటుంది కాకి? ఆ సంగతి ఎవరూ అనరు. మేనత్త దుర్గమ్మ నోరు తెరిచింది: "ఎట్ల ముడుతది? దాని పానమంత గీ పిల్ల మీదనే ఉండె. సదువు సదువని తిరిగి, తల్లి కండ్లు మూసేటాల్లకు రాకపాయె. ఇప్పుడొచ్చి నిలవడితె ముడుతదా?" పక్కన ఇంకో ఆమె అందుకుంది, ఇంకొకాయన గొణిగాడు. వినోద కదలలేదు. చేతులు కట్టుకుని, కన్ను ఆర్పకుండా ఆ విస్తరినే చూస్తూ నిలబడింది, పెదవి మీద చెమట. ఆ ముఖం చూడలేకపోయాడు ఎల్లేష్. బండి దగ్గరికి పోయాడు. ఫోన్లో కాకుల అరుపు వెతికి, హారన్ బాక్సుకు తగిలించి, మీట పైకి తోశాడు. కావ్ కావ్ మని బొందల గడ్డ అదిరింది. చెత్త కుప్పల దిక్కు నుంచి మొదట ఒకటి వచ్చింది, ఆ వెనక గుంపు. విస్తరి చించేశాయి, ముంత దొర్లించేశాయి. ముసలోళ్లు చేతులు జోడించారు, దుర్గమ్మత్త ఏడ్చింది, "తిన్నవా వొదినే, తిన్నవా" అని. ఎవ్వరికీ తప్పు అనిపించలేదు. ఎల్లేష్ గుండె నిండా ఒకటే మాట, చెల్లెను ఆ మాటల నుంచి బచాయించిన.

ఆమె బండి దగ్గరికి వచ్చింది. అరవలేదు, అరిచినా బాగుండేది. "అన్నా, జెరసేపు ఆగలేకపోయినవా? నేను జూస్తుంటి గద."

"ఏం జూస్తవే? కాకి కాకే, అమ్మనా?"

"కాకి కాకే అని నాకు తెల్వదా? తెలిసే జూస్తుంటి. వస్తదో రాదో ఇగ నాకు ఎప్పటికి తెల్వదు."

"నీ కోసమే జేసిన."

"నా కోసమేనా? నీకు సప్పుడు లేకుంటే పానం ఉండదు, గందుకు జేసినవ్." అని, చెప్పులు వేసుకుని, గేటు దిక్కు నడిచింది. వెనక్కి తిరిగి చూస్తుందని అతను నిలబడ్డాడు. ఆమె అనుకుంది కూడా అదేనేమో, వెనక నుంచి పిలుస్తాడని. ఇద్దరిలోనూ అమ్మ మొండితనమే.

చెవిలో గొంతు మారింది. వేగం తగ్గింది. ఇష్టమైన చోటికి వచ్చినప్పుడు ఆమె గొంతు అట్లా తగ్గుతుందని చిన్నప్పటి నుంచీ తెలుసు. "ఇది ఒక లోకం. గేజ్ సిద్ధాంతం ఇంకో లోకం. దీంట్ల ప్రతి చోటుకు దాని కొలత దానికుంటది, కొలతలు మార్చినా అసలు సంగతి మారదు. ఈ లోకపోళ్లకు ఆ లోకపోళ్లు చానా ఏండ్లు తెల్వలే. ఆ దిక్కు నుంచి ఒక బీజగణితం పుట్టింది. అదెట్ల పుట్టిందో చెప్త, మీకు ఆకలైతాందేమో, రొట్టె మీద చెప్త." పిల్లలు నవ్వారు. కొన్ని తలలు లేచాయి. ఎల్లేష్ వీపు నిటారైంది. "ఒక జొన్నరొట్టె మీద ఇంకో జొన్నరొట్టె వెయ్యిండ్రి. సమానంగ ఉన్నయి. అంతట అతికిపోయినయి, ఇగ అవి రెండు కావు, ఒక్కటే. కానీ నడిమి చుక్క కాడ ఒక్కటే చోట అతకలే. అంచుల పొంటి మీరు ఎన్నిసార్లు తిరిగినా ఒక్కటే రొట్టె అనుకుంటరు. నడిమికి పోతేనే తెలుస్తది, అక్కడ చుక్కలు రెండు. పై రొట్టెది ఒకటి, కింది రొట్టెది ఒకటి. వాటి నడుమ దూరం ఎంత అంటే, దూరమే లేదు. గింత సుత లేదు. అయినా రెండు. మా అమ్మ..." ఆగింది. మైకులో ఊపిరి మెట్టు తప్పింది. "మా అమ్మ రొట్టె కొడితే చప్పుడు గల్లీ చివరికి ఇనబడేది. సరే."

సరే అట. ఎల్లేష్ హెడ్‌ఫోన్ మీద రెండు చేతులు వేసి నొక్కుకున్నాడు. ఆ చప్పుడు, పీట మీద పిండి ముద్దను అరచేత్తో కొడుతూ తిప్పుతూ, టప టప టప, కట్టెల పొయ్యి పొగ, గుడిసె పోయి రేకుల ఇల్లయినప్పుడు కూడా అమ్మ తీసెయ్యనివ్వని పొయ్యి అది. మొదటి రొట్టె ఎవరికి అని ఇద్దరికీ కొట్లాట. అమ్మ దాన్ని నడిమికి విరిచేది. ఒక్కటే రొట్టె, ఒక్కటే ఇల్లు, ఒక్కటే ఆకలి, ఒక్కటే గల్లీ, అదే నల్లా దగ్గర నీళ్ల కోసం అదే తిట్లు. చెల్లెకు తెలిసిన ప్రతి వాసనా తనకు తెలుసు, తనకు తెలిసిన ప్రతి భయమూ చెల్లెకు తెలుసు. అంతటా అతికే ఉంది. అంచుల పొంటి నడిచినంతసేపూ తేడా ఏదీ కనబడదు. నడిమికి పోతేనే. తన అమ్మ ఆ రోజు కడుపు నిండా తిని వెళ్లిపోయింది. అంతమంది చూస్తుండగా, కాకుల గుంపుతో. ఆమె అమ్మ ఇంకా రాలేదు. ఆ విస్తరి ముందు ఎండలో చేతులు కట్టుకుని ఇంకా నిలబడే ఉంది వినోద, అమ్మ వస్తుందో రాదో చూస్తూ. ఒకే చోటు, ఒకే పూట, ఒకే అమ్మ, దూరమే లేదు, అయినా రెండు. ఇది ఎవరన్నా ముందే చెప్పి ఉంటే! చెబితే మాత్రం వినేవాడా. వినడమే తన పని, విన్నది ఏనాడన్నా చెవి దాటి లోపలికి పోయిందా.

"ఈ రొట్టెల మీద కట్టిన బీజగణితం, మొదట చెప్పిన ఆ వంపు దార్ల లెక్క మీద పనిజేస్తది. ఒక లోకం వచ్చి ఇంకో లోకాన్ని కదిలిస్తది, ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు జరుపుతది. ఇది అందరం కలిసి ఇంకా పూర్తిగ అర్థం జేసుకోలే. నేను సుత చేసుకోలే. చేసుకుంటున్న," అని, బోర్డు మీద చాక్‌పీసుతో ఏదో గీసి, చెయ్యి దులుపుకుంది. "ప్రశ్నలుంటే అడుగుండ్రి."

అయిపోయింది. గంట ఇంత తొందరగా ఎట్లా అయిపోయింది? ఇప్పుడు ఆ మైకు తేవాలి. కొంగుకు క్లిప్పు, నడుముకు బ్యాటరీ డబ్బా, అవి తనవి, ఎవరో ఒకరు పోయి విప్పుకుని రావాలి. పిల్లను పంపొచ్చు. పొద్దున పంపినట్టే. తను వెనక తలుపులోంచి జనరేటర్ దగ్గరికి పోయి బండిలో కూర్చుంటే, ఆమె కారెక్కి పోతుంది. ఇంకెన్నేండ్లో. తనకు బీపీ, ఆమె తిరిగేది ఎక్కడెక్కడి ఊర్లో. తరువాత వచ్చే కబురు ఎవరి గురించి ఎవరికి పోతుందో, ఆ రోజు పిట్టకు ఎవరు పెడతారో.

ఎవరూ ఏమీ అడగడం లేదు. హాలంతా నిశ్శబ్దం. ఏసీ గుయ్యి మంటోంది. శ్రీకాంత్ సారు కుర్చీలో కదులుతున్నాడు, లేచి థాంక్స్ చెబుదామా అని. ఎల్లేష్ అరచేతుల్లో చెమట పట్టింది. చెయ్యి తనంతట తానే మీటల మీదికి పోయింది, సన్నాయి సిద్ధంగానే ఉంది, ఇట్లాంటప్పుడు వేసేది అదే, మెల్లగా తోస్తే చాలు, అందరూ లేస్తారు, చప్పట్లు కొడతారు, మేడమ్ పరువు దక్కుతుంది. వేదిక మీద ఆమె చేతులు కట్టుకుంది. కన్ను ఆర్పకుండా హాలును చూస్తోంది. అదే నిలబడటం. "తొందరేం లేదు," అంది. "ఆగుదాం."

ఎల్లేష్ మీట మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక చెయ్యిని ఇంకో చెయ్యితో పట్టుకున్నాడు. చెవుల్లో ఆమె ఊపిరి, వస్తోంది, తెగుతోంది, వస్తోంది. ఇంత పొడుగు ఖాళీని అతను తన జన్మలో ఎన్నడూ వదల్లేదు. ఇంకా ఎవరూ లేవలేదు. లేవకపోతే లేవకపోనీ.

నడిమి వరుసలో ఒక పిల్ల లేచింది. మెడలో సన్నటి గొలుసుకు సిలువ, పేరు క్రిస్టీనా అని చెప్పింది. "మేడమ్... ఆ నడిమి చుక్కలు రెండున్నయి గద. వాటిల్ల అసలుది ఏది?"

వినోద కట్టుకున్న చేతులు విప్పింది. "రెండూ అసలువే," అంది.

"రెండిటిని కలిపి ఒక్కటి జేయొచ్చా మేడమ్?"

"జేయొచ్చు. మామూలు రొట్టె మిగులుతది. ఆ బీజగణితం ఉండదు, ఏదీ దేన్నీ కదిలించదు. నేను సుత చానా రోజులు అట్లనే అనుకున్న బిడ్డా, ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని."

చప్పట్లు. శాలువా. ఫొటోలు. పిల్లలు సమోసాల దిక్కు మళ్లారు. శ్రీకాంత్ సారు చాయ్‌కి పిలిస్తే వినోద, "మీరు నడువుండ్రి సార్, వస్త" అంది. హాలు ఖాళీ అయింది. ఆమె మైకు విప్పలేదు, బల్ల మీద పెట్టలేదు. వేదిక అంచున నిలబడే ఉంది. నల్లద్దంలోంచి ఎవరూ కనబడరని తెలిసి కూడా ఇటే చూస్తోంది. మిషన్ మీద పచ్చ దీపం ఊపిరి ఊపిరికీ వెలిగి ఆరుతోంది. ఎల్లేష్ హెడ్‌ఫోన్ తీసి కొక్కానికి తగిలించాడు. మీట కిందికి లాగలేదు. మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో అతనికే తెలియదు. తలుపు తీశాడు.

కుర్చీల నడుమ నడక పొడుగ్గా సాగింది. దగ్గరికి వచ్చేసరికి ఆమె జుట్టులో తెల్లవి కనబడ్డాయి. తన చొక్కా మీద వైర్ల దుమ్ము ఆమెకు కనబడింది.

"పదిహేడో ఎక్కం ఇనబడలేదా?" అంది. ఆ మాట బాక్సుల్లోంచి హాలంతా పలికింది.

"ఇనబడ్డది."

"బండి మీద అమ్మ పేరు జూసిన. సాయమ్మ సౌండ్స్." ఆమె ముఖంలో ఏదో మెదిలింది, నవ్వు కాదు, నవ్వుకు ముందుండేది. "అమ్మ గొంతు లేపి ఎరుగదు, దాని పేరు మీద సౌండ్సా?"

ఎల్లేష్ చూపు ఆమె కొంగు మీది క్లిప్పు మీద పడింది. అతను చెయ్యి చాచాడు. చిన్నప్పుడు పందిట్లో మైకు సర్దేటప్పుడు ఎత్తినట్టే ఆమె గడ్డం కొంచెం పైకెత్తింది. అతని వేళ్లు క్లిప్పు విప్పలేదు, అలవాటుగా ముందు బ్యాటరీ డబ్బా మీది స్విచ్చు దిక్కు పోయాయి. ఆమె అరచెయ్యి వచ్చి ఆ స్విచ్చును కప్పేసింది.

"ఉండనీ," అంది. "జెర ఆగు."

ఆగాడు. ఖాళీ కుర్చీల మీదికి బాక్సుల్లోంచి ఊపిరి వస్తోంది, ఒకటి మెట్టు తప్పుతూ, ఇంకొకటి దుమ్ము పట్టిన గొంతులోంచి గరగరమంటూ. రెండూ కలవలేదు. ఏది ఎవరిదో చెవి పెట్టి వినేవాడికి తెలుస్తూనే ఉంది. అతను వింటున్నాడు.